ఓటమి తర్వాత లీగ్ కట్టారు: జపాన్ ఫుట్‌బాల్‌ను నిలబెట్టిన కెన్ నగనుమా

1962 ఆగస్టు. జకార్తాలో ఏషియన్ గేమ్స్ జరుగుతున్నాయి. మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్‌గా ఉన్న భారత జట్టు జపాన్‌ను 2-0తో ఓడించింది. గోల్స్ కొట్టింది పి.కె. బెనర్జీ, మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం. తర్వాత ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ బంగారు పతకం తెచ్చుకుంది. జపాన్ మాత్రం గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టింది. టోక్యో ఒలింపిక్స్‌కు అప్పటికి రెండేళ్లే టైం ఉంది. సొంత ఊళ్లో, ప్రపంచం ముందు పరువు పోతుందనే భయం జపాన్ ఫుట్‌బాల్ సంఘాన్ని పట్టుకుంది.

ఆ ఏడాది చివర్లో జాతీయ జట్టు బాధ్యతను 32 ఏళ్ల మనిషి చేతిలో పెట్టారు. ఆయన పేరు కెన్ నగనుమా. ఈ రోజు జపాన్ ప్రతి ప్రపంచ కప్‌కూ వెళ్తోందంటే, ఆ దేశంలో 60 ప్రొఫెషనల్ క్లబ్బులు నడుస్తున్నాయంటే, అందులో ఈ మనిషి చెమట చాలా ఉంది.

హిరోషిమా పిల్లాడు

నగనుమా 1930 సెప్టెంబర్ 5న హిరోషిమాలో పుట్టారు. ఆ ఊరి పేరు ఎందుకు ప్రపంచమంతా తెలుసో చెప్పక్కర్లేదు. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు ఆయనకు ఇంకా 15 నిండలేదు. ఆ బాంబు దెబ్బ తిని కూడా బతికి బయటపడ్డ వాళ్లలో ఆయన ఒకరు. ఊరు బూడిదైంది. తినడానికే కష్టంగా ఉన్న ఆ రోజుల్లో బతికిన పిల్లలు మళ్లీ బంతి పట్టుకున్నారు. 1947లో ఆయన చదివిన బడి జట్టు జాతీయ స్కూల్ టోర్నీ గెలిచింది. ఆ జట్టులో నగనుమా ఉన్నారు.

తర్వాత క్వాన్‌సై గకుయిన్ యూనివర్సిటీ, ఆపైన టోక్యోలోని చువో యూనివర్సిటీ. 1954 మార్చిలో జపాన్ మొదటిసారి ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ ఆడింది. ఎదురుగా దక్షిణ కొరియా. జపాన్ 1-5తో చిత్తుగా ఓడింది. కానీ ఆ ఒక్క గోల్ కొట్టింది నగనుమా. ప్రపంచ కప్ పోటీల చరిత్రలో జపాన్ మొదటి గోల్ అదే.

కంపెనీ జట్ల కాలం

చదువు అయ్యాక 1955లో ఆయన ఫురుకావా ఎలక్ట్రిక్ కంపెనీలో చేరారు. అప్పట్లో జపాన్‌లో ఫుట్‌బాల్ ఆడి బతకడం అనేది లేదు. ఆటగాడు అంటే కంపెనీ ఉద్యోగి. పగలు ఆఫీసులో లెక్కలో, ఫైళ్లో చూడాలి, డ్యూటీ అయ్యాక ప్రాక్టీస్ చెయ్యాలి. జీతం ఉద్యోగానికే, ఆటకు కాదు. ఒక లాభం మాత్రం ఉంది: కాళ్లలో బలం తగ్గినా ఉద్యోగం పోదు, రిటైర్మెంట్ దాకా ఇల్లు గడుస్తుంది. తర్వాతి రోజుల్లో ప్రొఫెషనల్ ఆట అంటే చాలామంది ఎందుకు జంకారో ఇక్కడే అర్థమవుతుంది.

ఇంకో లోపం ఉంది. దేశంలో పెద్ద పోటీ అంటే 1921 నుంచి నడుస్తున్న ఎంపరర్స్ కప్. అది నాకౌట్. ఒక్క మ్యాచ్ ఓడితే ఆ ఏడాదికి సామాను సర్దుకోవాల్సిందే. అందులో ఏళ్ల తరబడి యూనివర్సిటీ జట్లదే పైచెయ్యి. 1960లో ఫురుకావా ఎలక్ట్రిక్ ఆ కప్ గెలిచింది. ఒక కంపెనీ జట్టు దాన్ని గెలవడం అదే మొదటిసారి. అప్పుడు నగనుమా ఆ జట్టుకు ఆటగాడు, కోచ్ రెండూ. మరుసటి ఏడాది కూడా కప్ వాళ్లదే.

అదే 1960లో జపాన్ సంఘం జర్మనీ నుంచి డెట్మార్ క్రామర్ అనే కోచ్‌ను పిలిపించింది. క్రామర్ బంతి తన్నడం దగ్గర నుంచి, ఆపడం దగ్గర నుంచి, అన్నీ మొదటి పాఠంలా మళ్లీ నేర్పించారు. జాతీయ జట్టు స్థాయి ఆటగాళ్లకు అది చిన్నతనంగా అనిపించే పనే. కానీ నేర్చుకున్నారు. నగనుమా కోచ్ అయ్యాక, ఆయన పక్కన సహాయకుడిగా షునిచిరో ఒకానో, సలహాదారుగా క్రామర్ నిలబడ్డారు.

టోక్యో, ఆ తర్వాత మెక్సికో

1964 అక్టోబర్. టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్ మొదటి మ్యాచ్ అర్జెంటీనాతో. మొదటి సగం అయ్యేసరికి 0-1తో వెనక. చివరికి 3-2తో గెలిచింది. అందులో ఒక గోల్ ఫురుకావా ఆటగాడు సబురో కవాబుచిది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. తర్వాత ఘనా చేతిలో, క్వార్టర్ ఫైనల్లో చెకోస్లోవేకియా చేతిలో ఓడినా, పరువు దక్కింది.

వేరే దేశం అయితే అక్కడే సంబరాలు చేసుకుని ఆగిపోయేది. జపాన్ ఆగలేదు. క్రామర్ వెళ్లే ముందు చెప్పిన మాటల్లో ముఖ్యమైనది ఒకటే: ఒక్క ఓటమితో ఇంటికి పంపే టోర్నీలు చాలవు, ఏడాది పొడవునా మ్యాచ్‌లు జరిగే లీగ్ కావాలి. కోచ్‌లకు శిక్షణ కావాలి, గడ్డి మైదానాలు కావాలి. నగనుమా లాంటి వాళ్లు ఆ మాటను పట్టుకుని పని మొదలుపెట్టారు.

1965 జూన్‌లో జపాన్ సాకర్ లీగ్ మొదలైంది. ఎనిమిది జట్లు: టోయో కోగ్యో, యవాతా స్టీల్, ఫురుకావా ఎలక్ట్రిక్, హిటాచి, మిత్సుబిషి, యాన్మార్ డీజిల్, టొయోడా ఆటోమేటిక్ లూమ్, నగోయా సోగో బ్యాంక్. అన్నీ కంపెనీలే. ప్రతి జట్టు మిగతా ఏడింటితో రెండేసి సార్లు, అంటే మొత్తం 14 మ్యాచ్‌లు ఆడాలి. ఓడినా వచ్చే వారం ఇంకో మ్యాచ్ ఉంటుంది. తప్పు ఎక్కడ జరిగిందో చూసుకుని దిద్దుకునే వీలు దొరికింది. మొదటి నాలుగేళ్లు ఛాంపియన్ టోయో కోగ్యో. మజ్దా కార్లు తయారుచేసే ఆ కంపెనీ నగనుమా పుట్టిన హిరోషిమాదే.

ఇక్కడ మన సంగతి కూడా చెప్పుకోవాలి. రహీం సాబ్ 1963 జూన్‌లో కేన్సర్‌తో చనిపోయారు. 1960 రోమ్ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్ మొహం చూడలేదు. మన దేశంలో జాతీయ లీగ్ మొదలైంది 1996లో. అంటే జపాన్ కంటే 31 ఏళ్లు ఆలస్యంగా. జకార్తాలో గెలిచింది మనం, లీగ్ పెట్టుకుంది ఓడినవాళ్లు.

లీగ్ ఫలితం మూడేళ్లలోనే కనిపించింది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో నగనుమా జట్టు నైజీరియాను ఓడించింది, బ్రెజిల్‌తో, స్పెయిన్‌తో డ్రా చేసుకుంది, క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్‌ను 3-1తో గెలిచింది. సెమీస్‌లో హంగరీ 5-0తో కొట్టింది. రెండు రోజుల తర్వాత అజ్టెకా స్టేడియంలో, వేలమంది మెక్సికో అభిమానుల మధ్య, మెక్సికోనే 2-0తో ఓడించి జపాన్ కాంస్యం గెలిచింది. రెండు గోల్స్ యాన్మార్ ఆటగాడు కునిషిగే కామమోతోవే. ఆ ఒలింపిక్స్‌లో ఏడు గోల్స్‌తో ఆయనే టాప్. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియాకు అదే మొదటి పతకం.

ఎండిపోయిన ఏళ్లు

పతకం వచ్చింది కదా, ఇక తిరుగులేదు అనుకున్నారు. కానీ అలా జరగలేదు. నగనుమా 1972 నుంచి 1976 దాకా మళ్లీ కోచ్‌గా ఉన్నారు. 1974 ప్రపంచ కప్‌కు అర్హత రాలేదు, 1976 ఒలింపిక్స్‌కూ రాలేదు. జపాన్ ఫుట్‌బాల్ మళ్లీ ఒలింపిక్స్‌లో అడుగు పెట్టడానికి 1996 దాకా, అంటే 28 ఏళ్లు పట్టింది. లీగ్ మ్యాచ్‌లకు జనం తగ్గిపోయారు. దేశంలో బేస్‌బాల్‌దే రాజ్యం.

కారణం వెతికితే మళ్లీ కంపెనీ దగ్గరికే వస్తుంది. లీగ్ ఉంది గానీ, జట్టు కంపెనీ ఖర్చుల ఖాతాలో ఒక పద్దు మాత్రమే. అది ఏ ఊరిదీ కాదు. హిటాచి గెలిస్తే హిటాచి ఉద్యోగులు చప్పట్లు కొడతారు, పక్క వీధి వాళ్లకు ఏం సంబంధం? ఆటగాడికి కూడా ఆట రెండో పనే.

కోచ్ పదవి వదిలాక నగనుమా సంఘం పరిపాలనలోకి వచ్చారు. మైదానం పక్కన నిలబడే పని పోయి, మీటింగుల్లో కూర్చునే పని మిగిలింది. పేపర్లో ఫోటో పడే పని కాదది. కానీ పాత గోడ మెల్లగా కదిలింది అక్కడే. 1977లో ఫురుకావా ఆటగాడు యసుహికో ఒకుదెరా జర్మనీ వెళ్లి కొలోన్ క్లబ్‌లో ప్రొఫెషనల్ అయ్యారు. ఆటే ఉద్యోగంగా బతకొచ్చని చూపించారు. 1986లో ఆయన తిరిగి వచ్చినప్పుడు, దేశంలోనే ప్రొఫెషనల్‌గా ఆడే లైసెన్స్ ఇచ్చారు. అదే సీజన్‌లో ఫురుకావా ఆసియా క్లబ్ ఛాంపియన్ అయింది. ఏ జపాన్ క్లబ్‌కైనా ఆ టైటిల్ అదే మొదటిది.

కంపెనీ పేరు తీసి ఊరి పేరు

1991లో జె.లీగ్ ఏర్పడింది. నగనుమా అప్పుడు సంఘం ఉపాధ్యక్షుడు. లీగ్ తొలి ఛైర్మన్ ఆయన పాత ఫురుకావా సహచరుడు, ఆ అర్జెంటీనా మ్యాచ్ హీరో కవాబుచి. షరతులు గట్టివి. క్లబ్ వేరే సంస్థగా రిజిస్టర్ కావాలి. ఒక సొంత ఊరు ఉండాలి. కనీసం 15 వేల మంది పట్టే, ఫ్లడ్‌లైట్లున్న స్టేడియం కావాలి. పిల్లల జట్లు నడపాలి. అన్నిటికంటే కష్టమైనది: క్లబ్ పేరులో కంపెనీ పేరు కాకుండా ఊరి పేరు ఉండాలి.

డబ్బు పెట్టేది కంపెనీ, పేరు మాత్రం ఊరిది. వ్యాపారం చేసేవాడికి ఇది మింగుడు పడని లెక్క. అయినా పది క్లబ్బులు ముందుకొచ్చాయి. మిత్సుబిషి ఉరావా రెడ్స్ అయింది, మజ్దా సన్‌ఫ్రెచ్చే హిరోషిమా అయింది, నిస్సాన్ యోకోహామా మారినోస్ అయింది, సుమితోమో కాషిమా ఆంట్లర్స్ అయింది. నగనుమా సొంత ఫురుకావా, జె.ఆర్. ఈస్ట్ రైల్వేతో కలిసి జెఫ్ యునైటెడ్ ఇచిహారా అయింది. 1993 మే 15న టోక్యోలో మొదటి మ్యాచ్‌కు దాదాపు 60 వేల మంది వచ్చారు. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ ఛాంపియన్ వెర్డీ కవాసాకి.

మాట ఇచ్చి, నిలబడి

ఆ ఏడాది అక్టోబర్‌లోనే పెద్ద దెబ్బ తగిలింది. దోహాలో ఇరాక్‌తో చివరి అర్హత మ్యాచ్. ఇంకొన్ని సెకన్లు కాపాడుకుంటే జపాన్ మొదటిసారి ప్రపంచ కప్‌కు వెళ్లేది. ఇరాక్ ఆఖరి క్షణంలో గోల్ కొట్టి 2-2 చేసింది.

1994లో నగనుమా సంఘం అధ్యక్షుడయ్యారు. 2002 ప్రపంచ కప్ ఒంటరిగా జరపాలని జపాన్ ఎన్నో ఏళ్లు తిరిగింది, బోలెడు ఖర్చు పెట్టింది. 1996 మేలో ఫిఫా దాన్ని దక్షిణ కొరియాతో కలిపి ఇచ్చింది. దేశంలో చాలామందికి అది సగం ఓటమిలా అనిపించింది. నగనుమా ఒప్పుకున్నారు. ఆయన మొదటి గోల్ కొట్టింది ఆ కొరియా మీదే. 1954లో రెండు దేశాల మధ్య చేదు ఎంత ఉందంటే, జపాన్ ఆటగాళ్లను తమ గడ్డ మీద అడుగు పెట్టనివ్వమని కొరియా చెప్పడంతో రెండు మ్యాచ్‌లూ టోక్యోలోనే ఆడారు. ఇప్పుడు ఇద్దరూ కలిసి విందు పెట్టాల్సి వచ్చింది.

ఇంకో పరీక్ష 1995లో వచ్చింది. కోచ్ షు కామోను మార్చాలని సంఘంలోని కమిటీయే సలహా ఇచ్చింది. నగనుమా కామోనే ఉంచారు. జపాన్ ప్రపంచ కప్‌కు వెళ్లకపోతే తానే తప్పుకుంటానని అందరి ముందు మాట ఇచ్చారు. 1997 అక్టోబర్‌లో కజకిస్తాన్ ఆల్మటీలో మ్యాచ్ 1-1 డ్రా అయ్యాక పరిస్థితి చేయి దాటుతోందని అర్థమైంది. ఇన్నాళ్లు వెనకేసుకొచ్చిన మనిషిని అక్కడే, టోర్నీ మధ్యలో, పదవి నుంచి తప్పించాల్సి వచ్చింది. సహాయ కోచ్ టకేషి ఒకాడాకు జట్టు అప్పగించారు. ఆయనా పాత ఫురుకావా ఆటగాడే. నవంబర్ 16న మలేషియా జొహోర్ బహ్రులో ఇరాన్‌ను అదనపు సమయంలో 3-2తో ఓడించి జపాన్ మొదటిసారి ప్రపంచ కప్ చేరింది.

1998లో ఫ్రాన్స్‌లో జపాన్ మూడు మ్యాచ్‌లూ ఓడింది. అదే ఏడాది నగనుమా అధ్యక్ష పదవి నుంచి దిగిపోయారు. ఆయన స్థానంలో వచ్చింది మెక్సికో నాటి సహాయకుడు ఒకానో.

కష్టాలు అంతటితో తీరలేదు. మొదటి ఏడాది మ్యాచ్‌కు సగటున దాదాపు 18 వేల మంది వచ్చిన జె.లీగ్‌కు 1997 కల్లా సుమారు 10 వేలే మిగిలారు. 1998 చివర్లో డబ్బు పెట్టే కంపెనీ చేతులెత్తేయడంతో యోకోహామా ఫ్లూగెల్స్ క్లబ్‌ను మారినోస్‌లో కలిపేశారు. అభిమానులు ఏడ్చారు, తర్వాత తామే చందాలు వేసుకుని యోకోహామా ఎఫ్‌సి అనే కొత్త క్లబ్ పెట్టుకున్నారు. పేరు ఊరిదైతే జనం వదలరని అక్కడ రుజువైంది.

2002లో సొంత గడ్డ మీద జపాన్ రష్యాను 1-0తో ఓడించి ప్రపంచ కప్‌లో మొదటి గెలుపు చూసింది, తర్వాతి దశలో టర్కీ చేతిలో ఓడింది. నగనుమా 2008 జూన్ 2న 77 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పోయాక సన్‌ఫ్రెచ్చే హిరోషిమా 2012, 2013, 2015లో లీగ్ ఛాంపియన్ అయింది. 2024లో ఆ క్లబ్ కోసం హిరోషిమా నగరం నడిబొడ్డున కొత్త స్టేడియం తెరిచారు. బాంబు గుర్తుగా ఉంచిన ఆ గుమ్మటం దగ్గర నుంచి అక్కడికి నడిచి వెళ్లొచ్చు. మ్యాచ్ ఉన్న రోజు ఊదా రంగు జెర్సీలు వేసుకున్న కుటుంబాలు పిల్లల చెయ్యి పట్టుకుని అటే వెళ్తుంటాయి.