మెత్త కింద తుపాకి

పొద్దుగాల నాలుగు గొట్టకముందే ఊరి బయట రోడ్డు మీద ఉరుకుతున్న పోరగాండ్లను మనం చూస్తనే ఉంటం. ఆర్మీల చేరాలె, ఇంటికింత ఆసరా కావాలె, ఊర్లె ఇజ్జత్ ఉండాలె. ఎత్తు సరిపోతదా, ఛాతి సరిపోతదా, ఉరుకుడుల టైమ్ అందుకుంటమా అన్నదే వాళ్ల రంధి. పెయ్యిని ఎట్ల తయారు చేసుకోవాల్నో చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు. మనసు గురించి చెప్పేటోళ్లే తక్కువ. అందుకే ఇయ్యాల ఒక సిపాయి కథ చెప్పుకుందాం. పేరు ఆడీ మర్ఫీ. ఒకప్పుడు అమెరికాల ఈ పేరు తెల్వనోళ్లు లేకుండె.

1925 జూన్ 20న టెక్సాస్ రాష్ట్రంల హంట్ కౌంటీ అనే పత్తి పండే ఇలాకల పుట్టిండు. అమ్మానాయినలు పాలుకు చేసుకునేటోళ్లు. భూమి వేరేటోళ్లది, కష్టం వీళ్లది. పన్నెండు మంది పిల్లలల్ల ఇతను ఏడోటోడు. నాయిన ఇల్లు ఇడిచి పోయిండు. ఐదో తరగతితోని బడి బంద్ అయింది. రోజుకు ఒక డాలర్ కైకిలికి పత్తి ఏరవోయిండు. చిన్నప్పుడే తుపాకి పట్టుడు నేర్చుకున్నడు. అది సోకు కాదు, ఆకలి. కుందేళ్లు, ఉడుతలు కొట్టి తెస్తెనే ఇంట్ల కూర. 1941ల అవ్వ సచ్చిపోయింది. చిన్నోళ్లు ముగ్గురిని అనాథాశ్రమంల చేర్పించాల్సొచ్చింది.

అదే ఏడాది డిసెంబర్‌ల జపాన్ విమానాలు పెర్ల్ హార్బర్ మీద బాంబులేసినయి. అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలకు దిగింది. మర్ఫీ సుత చేరుతనని పోయిండు. మెరైన్లు వద్దన్నరు, నేవీ వద్దన్నది. వయసు చాలదు, బరువు చాలదు. అక్క వయసు ఎక్కువ రాయించి కాయితం ఇచ్చింది. 1942 జూన్ ఆఖర్ల ఆర్మీ తీసుకున్నది. ఎత్తు ఐదున్నర అడుగులకు ఇంత తక్కువ, బరువు 51 కిలోలు. ట్రైనింగ్‌ల ఒకసారి సొమ్మసిల్లి పడిపోయిండు. వీడు లడాయికి పనికిరాడు, వంట పనికి పంపుదామని పైఆఫీసర్లు చూసిండ్రు. మర్ఫీ ఇనలేదు. ముందు వరుసకే పోతనన్నడు.

1943 జులైల ఇటలీ పక్కపొంటి ఉన్న సిసిలీ దీవిల దిగిండు. గదే సిసిలీల ఆ ఆగస్టుల ఒక ముచ్చట అయింది. అమెరికా సైన్యానికి ఆడ పెద్ద జనరల్ ప్యాటన్. గాయపడ్డోళ్లను చూడనీకి దవాఖానకు పోయిండు. ఒక సిపాయికి పైకి ఏ గాయం కనిపిస్తలేదు, మనసు తట్టుకుంటలేదని చెప్పిండు. ప్యాటన్ కోపంతోని చెంప మీద కొట్టిండు. వారం తిరిగేసరికి ఇంకో దవాఖానల ఇంకో సిపాయిని కొట్టి, పిస్తోలు సుత బయటికి గుంజిండు. మొదటి పిలగానికి మలేరియా ఉన్నదని ఆ తర్వాత తేలింది. పైనున్న జనరల్ ఐజన్‌హోవర్ ప్యాటన్‌కు గట్టిగ చివాట్లు పెట్టి, క్షమాపణ చెప్పించిండు. గాని అప్పటి సైన్యంల చానమంది ఆలోచన ప్యాటన్ లెక్కనే ఉండె. మనసు ఇరిగిందంటె పిరికోడని లెక్క. గసొంటి కాడ ఎవడు నోరు తెరుస్తడు?

మర్ఫీ సుత తెరవలేదు. సిసిలీ అయినంక ఇటలీ, ఇటలీ అయినంక ఫ్రాన్స్. మలేరియా వచ్చింది, మళ్ల పోయి కొట్లాడిండు. 1944 ఆగస్టుల దక్షిణ ఫ్రాన్స్‌ల దిగిన రోజు, పక్కన పానం లెక్క తిరిగిన దోస్తు లాటీ టిప్టన్ ఉండె. జర్మన్లు లొంగిపోతున్నమని సైగ చేస్తె టిప్టన్ లేచి నిలవడ్డడు. వాళ్లు కాల్చి చంపిండ్రు. మర్ఫీ ఒక్కడే పోయి ఆ కాల్చినోళ్లను చంపిండు. దానికి పెద్ద పతకం ఇచ్చిండ్రు. దోస్తు అయితె మళ్ల రాలేదు. ఆ అక్టోబర్‌ల తుంటికి తూటా తాకింది. గాయం కుళ్లి నెలల పొద్దు దవాఖానల పడి ఉన్నడు.

1945 జనవరి 26. ఫ్రాన్స్‌ల హోల్ట్స్‌విర్ అనే ఊరి కాడ నేలంత మంచు. ఆరు జర్మన్ ట్యాంకులు, వాటెనుక గుంపులు గుంపులుగ సైన్యం వస్తున్నది. మర్ఫీ తన మనుషులను అడవిలకు వెనుకకు పంపిండు. తాను ఒక్కడే ఉండి, ఫిరంగులు ఎక్కడ కొట్టాల్నో ఫోన్ల చెప్పుకుంట నిలవడ్డడు. పక్కన తమదే ఒక యుద్ధ బండి అంటుకొని మండుతున్నది. ఎప్పుడు పేలుతదో తెల్వది. దాని మీదికెక్కి, దానికున్న మెషిన్‌గన్ తోని దాదాపు గంటసేపు కాల్చిండు. కాలికి గాయమైంది. యాభై మంది దాక శత్రువులు సచ్చుడో గాయపడుడో అయిందని సైన్యం రాసుకున్నది. దానికి అమెరికా సైన్యంల అన్నిటికంటె పెద్దదైన మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చిండ్రు. అప్పటికి అతనికి ఇంకా ఇరవై ఏండ్లు నిండలే.

1945 జులైల లైఫ్ పత్రిక అట్ట మీద అతని ఫోటో పడ్డది. దేశమంత చప్పట్లు కొట్టింది. ఆ ఫోటో చూసి నటుడు జేమ్స్ కాగ్నీ హాలీవుడ్‌కు పిలిచిండు. లడాయి నుంచి వచ్చినంక అక్కకు ఇల్లు కొని, అనాథాశ్రమంల ఉన్న చిన్నోళ్లను ఇంటికి తెప్పించిండు. నలభైకి పైగ సినిమాలల్ల చేసిండు. తన యుద్ధం కథ 1949ల పుస్తకమైంది. 1955ల అదే సినిమా అయింది, అందుల మర్ఫీగ మర్ఫీనే నటించిండు. దోస్తు సచ్చుడు, మండుతున్న బండి ఎక్కుడు, అన్నీ కెమెరా ముంగట మళ్ల చేసిండు. ఆ సినిమా మస్తు నడిచింది. ఇరవై ఏండ్ల దాక యూనివర్సల్ కంపెనీకి దానికంటె ఎక్కువ పైసలు తెచ్చిన సినిమా లేకుండె.

బయట గిది కథ. ఇంట్ల వేరే కథ.

రాత్రి అయితె నిద్ర పడకపోవుడు. పడితె పీడకలలు. చిన్న చప్పుడైతె ఉలిక్కిపడి లేచుడు. మెత్త కింద తూటాలు నింపిన పిస్తోలు లేకుండ పండకపోవుడు. 1949ల నటి వాండా హెండ్రిక్స్‌ను పెండ్లి చేసుకున్నడు. ఒకసారి తుపాకి తన మీదికే పెట్టిండని ఆమె ఆ తర్వాత చెప్పింది. 1951ల ఇడిపోయిండ్రు. అదే ఏడాది పమేలా ఆర్చర్‌ను చేసుకున్నడు, ఇద్దరు కొడుకులు పుట్టిండ్రు. రంధి మాత్రం పోలే. గుర్రప్పందాలల్ల, జూదంల సంపాదించింది మొత్తం పోగొట్టిండు. నిద్ర గోలీలకు అలవాటు పడ్డడు. ఆ అలవాటుకు బానిస అయిన సంగతి తానే గుర్తువట్టి, ఒక హోటల్ రూమ్‌ల వారం దినాలు తలుపేసుకొని, నరకం పడి మానుకున్నడు. పైసలకు తిప్పలైనప్పుడు సుత మందు, సిగరెట్ల యాడ్స్ చేయలే. తనను చూసి పిల్లలు చెడిపోతరని వద్దన్నడు. గసొంటి మనిషి.

మరి ఇతనికి ఏమైంది? పంట చేనుకు మంచె మీద కావలి ఉంటం కదా. పందులొస్తయని రాత్రంత కండ్లు మూయం. పంట ఇంటికొచ్చినంక మంచె దిగుతం. యుద్ధంల దినాం సావును చూసిన మనిషి మనసు మంచె దిగది. లడాయి అయిపోయిన సంగతి తలకాయకు తెలుసు, పెయ్యికి తెల్వది. తలుపు చప్పుడు తుపాకి చప్పుడు లెక్క ఇనిపిస్తది. గుండె కొట్టుకుంటది, చెయ్యి తుపాకి దిక్కు పోతది. లడాయిల పానం కాపాడిన అలవాటే ఇంట్ల ఆలుబిడ్డలకు భయమైతది.

ఈ జబ్బుకు మొదటి ప్రపంచ యుద్ధంల షెల్ షాక్ అన్నరు. రెండో దాంట్ల బ్యాటిల్ ఫెటీగ్ అన్నరు. దినాలు, నెలలు తెంపులేకుండ ముందు వరుసల ఉంచితె ఎంత ధైర్యవంతుడైనా ఒకరోజు ఇరుగుతడని యుద్ధం అయ్యేనాటికే సైన్యం డాక్టర్లు గుర్తువట్టిండ్రు. గాని ఆ మాట ఊర్లకు, ఇండ్లకు చేరలే. ఇప్పుడు మనం పీటీఎస్‌డీ అంటున్న పేరు అమెరికా డాక్టర్ల పుస్తకంల 1980ల ఎక్కింది.

అంతకంటె ముందే మర్ఫీ నోరు తెరిచిండు. 1960లల్ల వియత్నాం నుంచి పోరగాండ్లు తిరిగొస్తున్నరు. వాళ్ల కండ్లల్ల తన బాధనే కనిపించింది. తనకు నిద్ర పడదని, మనసు చెదిరిందని, గోలీలకు అలవాటు పడ్డనని నలుగురిల చెప్పుకున్నడు. యుద్ధం మనసును ఏం చేస్తదో సర్కార్ మంచిగ పరిశోధన చేయించాలె, కొరియా నుంచి, వియత్నాం నుంచి వచ్చినోళ్లకు వైద్యం పెంచాలె అని అడిగిండు. ఇంకెవరన్న ఈ మాట అంటె పిరికోడని కొట్టిపారేసేటోళ్లు. ఇతన్ని ఎవడు అనగలడు? మండుతున్న బండి మీద గంటసేపు నిలవడ్డోడికి పిరికితనం అంటగట్టనీకి ఎవరికి నోరొస్తది? నా లెక్కల మర్ఫీ చేసిన పెద్ద పని హోల్ట్స్‌విర్ కాడ చేసింది కాదు, గిది.

1971 మే 28న వర్జీనియాల ఒక చిన్న విమానం కొండకు గుద్దుకున్నది. అందుల ఉన్న మర్ఫీ 45 ఏండ్లకే పోయిండు. ఆర్లింగ్టన్ సైనిక స్మశానంల బొంద పెట్టిండ్రు. మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చినోళ్ల సమాధి రాయి మీద బంగారు అక్షరాలు ఉంటయి. తన రాయి మామూలు సిపాయిల రాళ్ల లెక్కనే ఉండాలె అన్నడు. ఇప్పటికీ గట్లనే ఉన్నది. 1973ల టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోల మాజీ సైనికుల దవాఖాన తెరిచి, దానికి అతని పేరు పెట్టిండ్రు.

తుపాకి ముచ్చట ఇంకా అయిపోలే. ఇయ్యాల సుత అమెరికాల పానం తీసుకుంటున్న మాజీ సైనికులల్ల ఎక్కువ మంది తుపాకితోనే తీసుకుంటున్నరు. అందుకే ఆడి మాజీ సైనికుల శాఖ తుపాకులకు వేసే తాళాలు ఉత్తగనే పంచుతున్నది. చెడు గడియ ఎక్కువసేపు ఉండది. ఆ గడియల చేతికి తుపాకి అందకపోతె మనిషి బతికి బయటపడనీకి మోక ఉంటది. ఇంకో మాట. ఈ జబ్బు ఉన్నోళ్లంత ఇంకొకల మీద తుపాకి లేపరు. చానమంది లోపల్లోపలనే కుములుతరు. వాళ్లను చూసి భయపడుడు గాదు, పక్కన కూసునుడు కావాలె.

మన ఊర్లల్ల సుత ఆర్మీల, సీఆర్‌పీఎఫ్‌ల, బీఎస్‌ఎఫ్‌ల పనిచేసేటోళ్లు ఉన్నరు. సెలవు మీద ఇంటికొస్తె చుట్టు చేరి ఏం అడుగుతం? బార్డర్ ఎట్లుంటది, తుపాకి ఎట్ల కాలుస్తరు, ఎవరినన్న కాల్చినవా అని. అన్న నవ్వి మాట మారుస్తడు. రాత్రి బాగపొద్దుపోయేదాక వాకిట్ల ఒక్కడే కూసుంటడు. కోపం ఎక్కువైందని వదినె అంటది, మందు ఎక్కువైందని అవ్వ అంటది. గది పొగరు కాదు, గాయం కావచ్చు. గాయమైతె మందున్నది, డాక్టరున్నడు. మాటలతోని చేసే వైద్యం సుత ఉన్నది. ఫోన్ల మాట్లాడాలంటె సర్కార్ పెట్టిన టెలీ మానస్ నంబర్ 14416 ఉన్నది. రాత్రి పగలు పలుకుతది, పైసలు తీసుకోదు, తెలుగుల సుత మాట్లాడొచ్చు.

పొద్దుగాల ఉరుకుతున్న తమ్మీ, ఉరుకు. ఆర్మీల చేరు. గాని కాలు ఇరిగితె దవాఖానకు ఎట్ల పోతవో మనసు ఇరిగితె సుత గట్లనే పోవాలె, దాచుకోవద్దు. మనం గిట్ల సెలవు మీద వచ్చిన అన్నను ఈసారి తుపాకి గురించి అడుగుడు బంద్ పెడదాం. రాత్రి నిద్ర మంచిగ పడుతున్నదా అని అడుగుదాం. ఆయన చెప్పేదాక పక్కన కూసుందాం.