గణనయంత్ర పితామహుడు

మొదలిడిన పనిని తుదముట్టించినవానినే లోకము కొనియాడును; నడుమ విడిచినవానిని త్వరలోనే మఱచిపోవును. ఐనను, తాను తలపెట్టిన మహాయంత్రములలో ఒక్కదానినైనను పూర్తిచేయలేకపోయిన యొక శాస్త్రజ్ఞుని పేరు నేడు లోకమంతట స్మరింపబడుచున్నది. మన చేతిలో నిమిడెడి ఫోను, కర్మాగారములలో అలసట లేక పనిచేయు రోబో, కన్నులకు తొడిగినంతనే లేని లోకమును ఉన్నట్లు చూపు పరికరము, ఇవన్నియు కంప్యూటరు సంతతివే. అట్టి కంప్యూటరు రూపమును, ఇండ్లలో విద్యుద్దీపము వెలుగని కాలముననే ఊహించిన మేధావి ఛార్లెస్ బాబేజి. ఆయన తన జీవితకాలమున ఏల కృతార్థుడు కాలేకపోయెనో, పిమ్మట ఎట్లు కీర్తి గాంచెనో తెలిసికొందము.

బాబేజి 1791వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి బెంజమిన్ బాబేజి బ్యాంకు వ్యాపారము చేయు ధనవంతుడు. బాలుడు తఱచు జబ్బుపడుచుండెను. శరీరము దుర్బలమైనను బుద్ధి చురుకైనది. ఎవరైన క్రొత్త బొమ్మ నిచ్చినచో దాని లోపల నేమున్నదని తల్లిని అడిగెడివాడు. ఆమె చెప్పిన సమాధానము తృప్తి గొలుపనిచో బొమ్మను విఱుగగొట్టి లోపలి మర్మమును తానే చూచుకొనెడివాడు.

ఒకనాడు తల్లి వానిని మెర్లిన్ అను యంత్రశిల్పి ప్రదర్శనశాలకు తీసికొనిపోయెను. బాలుని కుతూహలమును గమనించి, ఆ శిల్పి వారిని మేడమీది పనిగదికి పిలిచి రెండు వెండి బొమ్మలను చూపెను. అవి అడుగు ఎత్తు గల స్త్రీమూర్తులు. అందొకటి అటునిటు నడయాడుచుండెను. రెండవది నర్తకి. ఆ నర్తకి వ్రేలిపై నొక పక్షి వ్రాలి, తోక నాడించుచు, ఱెక్కలల్లార్చుచు, ముక్కు తెఱచుచుండెను. ప్రాణము లేని లోహము ప్రాణమున్నట్లు చలించుట చూచి బాలుడు ముగ్ధుడయ్యెను. ఆ నర్తకిని అతడు జీవితాంతము మఱువలేదు.

బాబేజి 1810లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి ట్రినిటీ కళాశాలలో చేరెను. అప్పటికే గణితమును స్వయముగా ఎంతయో చదివియుండుటచే అచ్చటి బోధన ఆయనకు చప్పగా తోచెను. 1812లో జాన్ హెర్షెల్, జార్జి పీకాక్ మొదలగు మిత్రులతో గూడి, ఇంగ్లండునందు గణితబోధనను సంస్కరించుటకు ఒక సంఘమును స్థాపించెను. 1814లో పట్టము పుచ్చుకొని, ఆ యేడే జార్జియానా అను కన్యను వివాహమాడెను. 1816లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. అప్పటి కాయన వయస్సు ఇరువదినాలుగేండ్లు మాత్రమే.

ఆ కాలమున లెక్కలు చేయుటకు యంత్రముల వాడుక అరుదు. మీరు ఎక్కములను వల్లించినట్లు, నావికులును ఖగోళశాస్త్రజ్ఞులును ఇంజనీర్లును అచ్చుపడిన పెద్ద పెద్ద పట్టికలపై ఆధారపడుచుండిరి. మన పంచాంగమున తిథి నక్షత్రముల కాలము ముందుగనే లెక్కించి ఇచ్చినట్లు, నావికుల పంచాంగమున సూర్యచంద్రుల స్థానములను లెక్కించి ఇచ్చెడివారు. నడిసముద్రమున ఓడ యెచ్చట నున్నదో తెలిసికొనుటకు అదియే శరణ్యము. కాని ఆ పట్టికలను లెక్కించువారు మనుష్యులు, తిరుగవ్రాయువారు మనుష్యులు, అచ్చు కూర్చువారును మనుష్యులే. ఈ మూడు తావులందును తప్పులు దొరలుచుండెను. ఒక్క అంకె తప్పైనచో ఓడ దారి తప్పును, ప్రాణములు పోవును.

1821లో బాబేజి, హెర్షెల్ కలసి ఖగోళపట్టికలను సరిచూచుచుండగా తప్పుమీద తప్పు బయటపడెను. బాబేజి విసిగి, ఈ లెక్కలను ఆవిరియంత్రమే చేసిన నెంత బాగుండునని తలచెను. ఆ తలపు ఆయన జీవితమును మార్చివేసెను.

ఆయన ఎన్నుకొన్న మార్గము మీకును సులభముగా బోధపడును. ఒకటి మొదలు అయిదు వఱకు గల సంఖ్యల వర్గములు వరుసగా 1, 4, 9, 16, 25. వీనిలో ప్రక్కప్రక్కనున్నవాని భేదములు 3, 5, 7, 9. ఈ భేదముల నడుమ గల భేదము ఎల్లప్పుడు 2. కావున తరువాతి వర్గము కావలసినచో, 9కి 2 కలిపిన 11 వచ్చును. ఆ 11ని 25కు కలిపిన 36 వచ్చును. అదియే ఆఱు యొక్క వర్గము. గుణకారముతో పని లేదు. కూడిక యొక్కటి చాలును. పండ్లచక్రములను త్రిప్పి కూడికను చేయించుట సాధ్యమే. కావున అట్టి చక్రములను వరుసలుగా పేర్చినచో పట్టిక దానంతట తయారగును. ఫలితమును ఆ యంత్రమే అచ్చునకు సిద్ధము చేసినచో వ్రాతతప్పులకును చోటుండదు. దీనినే ఆయన భేదయంత్రమని పిలిచెను.

1822లో చిన్న నమూనాను చేసి చూపగా విద్వాంసులు మెచ్చిరి. ఖగోళశాస్త్ర సంఘము స్వర్ణపతకము నొసగెను. 1823లో ప్రభుత్వము 1500 పౌనుల సహాయము ప్రారంభించెను. జోసెఫ్ క్లెమెంట్ అను నేర్పరియైన యంత్రశిల్పి పనికి పూనుకొనెను. కాని ఆ యంత్రమునకు కావలసిన భాగములు సుమారు 25,000. ఒకదానివలె నొకటి సరిగ్గా నుండవలసిన అన్ని భాగములను చేయుట మిక్కిలి కష్టమయ్యెను. పనిముట్లనే క్రొత్తగా కల్పించుకొనవలసి వచ్చెను. పని నత్తనడక నడచెను.

ఇంతలో 1827వ సంవత్సరము ఆయనపై పిడుగువలె పడెను. ఆ యొక్క యేటనే తండ్రి, ఇద్దఱు కుమారులు, భార్య మరణించిరి. దుఃఖము భరింపలేక ఆయన కొంతకాలము ఐరోపా దేశములలో సంచరించెను. 1828లో, పూర్వము న్యూటను అలంకరించిన కేంబ్రిడ్జి గణితాచార్యపీఠము ఆయనకు లభించెను. పని మఱల సాగెను. 1832లో యంత్రమున నొక చిన్న భాగమును కూర్పగా అది తప్పు లేక లెక్క చేసెను. కాని మఱుసటి యేడు, పనిశాలను తరలించు విషయమునను, ధనవిషయమునను క్లెమెంటుతో కలహము కలిగి పని నిలిచిపోయెను. అప్పటికే చేసియుంచిన సుమారు 12,000 భాగములలో పెక్కు తరువాత తుక్కుగా కరగింపబడెను.

ఆ దినములలో బాబేజి యింట శనివారపు సాయంకాలములందు విందులు జరుగుచుండెను. ప్రముఖులెందఱో వచ్చుచుండిరి. బాల్యమున చూచిన వెండి నర్తకి ఒక వేలములో అమ్మకమునకు రాగా ఆయన 35 పౌనులకు కొని, బాగుచేసి, ఆ మందిరమున నుంచెను. ప్రక్కగదిలో భేదయంత్ర భాగముండెను. ఒక సాయంకాలము అతిథులందఱు నర్తకి చుట్టు మూగి ఆనందించుచుండిరి. ప్రక్కగదిలో యంత్రమును శ్రద్ధతో చూచుచున్నవారు ఇద్దఱే, వారును విదేశీయులు. ఈ సంగతి ఆయన మనస్సును మిక్కిలి నొప్పించెను. వినోదమునకు గుంపులు చేరును. విజ్ఞానమునకు ఇద్దఱు చేరుటయే గొప్ప.

1834లో ఆయనకు మఱియొక మహత్తరమైన ఊహ పొడమెను. భేదయంత్రము ఒక్క విధమైన లెక్కయే చేయును. చెప్పిన లెక్కనెల్ల చేయు యంత్రము నేల నిర్మింపరాదు? ఈ ప్రశ్నకు మార్గము చూపినది మగ్గము. ఫ్రాన్సు దేశీయుడైన జాకార్డు 19వ శతాబ్ది ఆరంభమున రంధ్రములు గల అట్టల సాయముతో పువ్వులు నేయు మగ్గమును రూపొందించెను. ధర్మవరము పట్టుచీరలు నేయు మన నేతగాండ్రును ఈ జాకార్డు పేరు నెఱుగుదురు. అట్ట మార్చినచో చీరపై పువ్వు మాఱును, మగ్గము మాఱదు. అటులనే అట్టలు మార్చినచో లెక్క మాఱవలెనని బాబేజి తలచెను. సంఖ్యలను దాచు గిడ్డంగి, వానిపై పనిచేయు మర అను రెండు ముఖ్యభాగములు ఆ యంత్రమునందుండును. ఒక ఫలితమును బట్టి తరువాత చేయవలసిన పనిని అదియే నిర్ణయించుకొనును. ఆయన దీనికి విశ్లేషణయంత్రమని పేరిడెను. నేటి కంప్యూటరు ముఖ్యలక్షణములు పెక్కు అందు గలవు.

ఆ యంత్రమహిమను చక్కగా గ్రహించిన వారిలో ప్రసిద్ధకవి బైరను కుమార్తె ఏడా లవ్‌లేస్ ఒకతె. ఇటలీ దేశీయుడైన మెనాబ్రియా ఫ్రెంచి భాషలో వ్రాసిన వ్యాసమును ఆమె అనువదించి, మూలమునకు సుమారు మూడింతలైన వివరణలను జోడించి 1843లో ప్రకటించెను. సంఖ్యలతో స్వరముల సంబంధములను సూచింపగలిగినచో యంత్రము సంగీతమును సయితము కూర్పగలదని ఆమె గ్రహించెను. అయినను, అది మనమాజ్ఞాపించినదానినే చేయునుగాని తానుగా దేనిని పుట్టింపజాలదని హెచ్చరించెను. నేడు శబ్దమును, చిత్రమును, తుదకు ఊహాలోకమును సయితము అంకెలుగా మార్చి చూపు విద్యకు ఈ భావమే బీజము.

క్రొత్త యంత్రముపై మనసుపడుట బాబేజికి చేటు తెచ్చెను. మొదటిది పూర్తి కాలేదు. అంతకంటె మేలైనది తోచినదని ఆయన చెప్పగా ఏలికలకు నమ్మకము సడలెను. అప్పటికి ప్రభుత్వము 17,000 పౌనులకు పైగా వెచ్చించియుండెను. 1842లో ప్రధానమంత్రి పీల్ ప్రభుత్వము సహాయమును నిలిపివేసెను. ప్రధానిని కలిసినప్పుడు బాబేజి ఓర్పుతో వివరించుటకు మాఱుగ తనకు జరిగిన అన్యాయములను ఏకరువు పెట్టి కోపముతో వెడలివచ్చెను. తప్పు ఒక్కరిది కాదు. ఏలికలకు దూరదృష్టి లోపించెను. ఆయనకు ఓర్పు లోపించెను.

అయినను ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1847 మొదలు 1849 వఱకు శ్రమించి, తక్కువ భాగములతో నడుచు రెండవ భేదయంత్రమునకు సమగ్రముగ చిత్రములు గీయించెను. 1852లో ప్రభుత్వము దానిని నిరాకరించెను. మఱుసటి యేడు స్వీడను దేశమున షూట్జ్ అను తండ్రికొడుకులు బాబేజి భావము ననుసరించి యొక భేదయంత్రమును పూర్తిచేసిరి. తాను చేయలేనిది ఇతరులు చేసిరని ఆయన అసూయ చెందలేదు. వారిని ఆదరించి, వారి యంత్రమును పదిమందిలో ప్రశంసించెను.

1871 అక్టోబరు 18న బాబేజి లండనులో కన్నుమూసెను. అంత్యక్రియలకు వచ్చినవారు కొలదిమందియే. భారతదేశమున సైనికోద్యోగము చేసిన ఆయన కుమారుడు హెన్రీ, 1910లో విశ్లేషణయంత్రపు మరలో కొంత భాగమును నిర్మించి తండ్రి ఋణము తీర్చుకొనెను. తరువాత లోకము ఆ యంత్రములను దాదాపు మఱచెను. 1940 తరువాత కంప్యూటరులను నిర్మించినవారిలో పెక్కుమంది బాబేజి చిత్రములను చూచినవారు కారు. ఆయన కనుగొన్న మార్గమునే వారు మఱల క్రొత్తగా వెదకికొనవలసి వచ్చెను. పని సగములో నిలిచినచో లోకము చెల్లింపవలసిన మూల్యమిదియే.

లండనునందలి విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలవారు ఆ రెండవ భేదయంత్రపు చిత్రములను వెలికితీసి, ఆయన కాలమున సాధ్యమైనంత సూక్ష్మతతోనే భాగములను చేయించిరి. చిత్రములలోని కొలది దోషములను సరిదిద్దిరి. ఆయన పుట్టిన రెండువందలవ యేట, అనగా 1991లో, సుమారు 4000 భాగముల గణనయంత్రము సిద్ధమయ్యెను. పిడి త్రిప్పగా చక్రములు కదలి తప్పు లేక లెక్క చేసెను. ముద్రణభాగమును 2002 నాటికి పూర్తియయ్యెను. ఆయన ఊహ స్వప్నము కాదని లోకమునకు స్పష్టమయ్యెను.

విద్యార్థులారా! బాబేజి చరిత్రము మనకు రెండు పాఠములు నేర్పుచున్నది. ఎంతటి మేధావియైనను ఓర్పు లేనిచో, పదిమందితో కలసి పనిచేయ నేరనిచో, కార్యము నడుమ నిలిచిపోవును. ఇది మొదటిది. ఫలితము కనబడకపోయినను చేయు పనిని లోపము లేక చేసి పదిలపఱచినచో అది వృథా కాదు. ఇది రెండవది. ఎవరును మెచ్చని దినములలో, ఎవరు నిర్మింతురో తెలియకయే, ఆయన ఒక్కొక్క చక్రమునకు కొలత వేయించి చిత్రింపజేసెను. ఆ కాగితములే నూటనలువదేండ్ల తరువాత యంత్రమై కదలెను.