ఎరుపు రంగుకు అవతల – సర్ విలియం హెర్షెల్

డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. నేను విలియం హెర్షెల్ పేరు చెప్పేసరికి ఆయన కాసేపు మాట్లాడలేదు. ప్రకాశం పంతులుగారి గురించో, సర్ ఆర్థర్ కాటన్ గురించో రాస్తాననుకున్నారట. రెండు వందల ఏళ్ల క్రిందట పోయిన ఒక ఖగోళ శాస్త్రవేత్తకూ, మన సంఘానికీ ఏమిటి సంబంధమన్నది ఆయన సందేహం. సంబంధం ఉంది. అది మన సంఘ భవనం మెట్ల కింద, కరెంటు బోర్డులోనే ఉంది.

మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల కోసం హాలులో శిబిరం పెట్టుకున్న సంగతి సభ్యులకు తెలిసినదే. రెండు ఏసీలూ నడుస్తున్నాయి, అరవై మందికి పైగా కూర్చుని ఉన్నాము. ఏసీ సర్వీసింగుకు వచ్చిన ఐ.టి.ఐ. కుర్రాడు చేతిలో పిస్తోలు ఆకారంలో ఉన్న చిన్న పరికరం పట్టుకుని గోడకేసి నొక్కుతున్నాడు. ఎర్రటి చుక్క పడుతోంది, వెనుక అద్దంలో అంకెలు కనబడుతున్నాయి. ఏమిటయ్యా అది అని అడిగితే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు అన్నాడు. కరోనా రోజుల్లో బ్యాంకు గుమ్మం దగ్గర మన నుదుటికి గురిపెట్టినదానికి ఇది అన్న వరస. ఏసీ పని అయ్యాక, ఎలాగూ వచ్చానుగదా అని బోర్డు తలుపు తీసి, దూరం నుంచే మూడు ఫేజుల మీదా చూశాడు. ఎర్ర ఫేజు 41 డిగ్రీలు, నీలం ఫేజు 43, పసుపు ఫేజు 87. వెంటనే మెయిన్ ఆపించాడు. శిబిరం గంటసేపు ఆగిపోయిందని కొందరు మిత్రులు విసుక్కున్నారు. వారికి కారణం అప్పుడు తెలియదు.

నాకు మాత్రం ఆ అంకె వినగానే కాళ్లు చల్లబడ్డాయి. 1984లో నేను పనిచేస్తున్న ఒక కార్యాలయంలో రికార్డు గదికి ఒక రాత్రి నిప్పంటుకుంది. తీగ వదులై బోర్డు కాలిందని తరువాత తేల్చారు. పోయిన కాగితాలలో నా పక్క సీటు మిత్రుని సర్వీసు రిజిస్టరు ఒకటి. ఆయన రిటైరయ్యాక పాత అక్విటెన్స్ రోళ్లు వెతికించి, డూప్లికేటు రిజిస్టరు కట్టించేసరికి నాలుగేళ్లు పట్టింది. అంతకాలమూ ప్రొవిజనల్ పెన్షను మీదే నెట్టుకొచ్చారు. తుది ఉత్తర్వు వచ్చేనాటికి ఆయన లేరు. బకాయిలు ఆయన భార్య అందుకున్నారు. ఆ సంతకం దగ్గర సాక్షిగా నేనే ఉన్నాను. అందుకే ఈ పరికరానికి మూలపురుషుడెవరో తెలుసుకోవాలనిపించింది. మా మనవడి సాయంతో కొంత, గ్రంథాలయంలో కొంత చదివి రాస్తున్నాను.

విలియం హెర్షెల్ 1738 నవంబరు 15న జర్మనీలోని హానోవర్‌లో జన్మించారు. తండ్రి ఐజాక్ సైనిక బ్యాండులో ఓబో అనే సన్నాయివంటి వాద్యం వాయించేవారు. పిల్లలు ఎక్కువ, జీతం తక్కువ. విలియం కూడా పదిహేనేళ్లు నిండకముందే అదే బ్యాండులో చేరారు. అప్పట్లో హానోవర్ ఏలికా, ఇంగ్లండు రాజూ ఒకరే. 1757లో ఫ్రెంచివారితో హాస్టెన్‌బెక్ దగ్గర జరిగిన యుద్ధంలో హానోవర్ పక్షం ఓడిపోయాక, కుర్రవాడిని తండ్రి ఇంగ్లండుకు పంపించారు. అక్కడ మొదట సంగీతపు ప్రతులు నకలు రాసి పొట్ట పోసుకున్నారు. కాపీయిస్టుగా జీవితం మొదలుపెట్టినవారంటే మన గుమాస్తాలకు సహజంగానే అభిమానం.

తరువాత పాఠాలు చెప్పారు, కచేరీలు చేశారు, ఇరవై నాలుగు సింఫనీలు రాశారు. 1766 చివరలో బాత్ పట్టణం చేరి, అక్కడి ఆక్టగాన్ ప్రార్థనా మందిరంలో ఆర్గన్ వాయించే ఉద్యోగంలో కుదురుకున్నారు. 1772లో హానోవర్ వెళ్లి చెల్లెలు కరోలిన్‌ను వెంట తెచ్చుకున్నారు. చిన్నప్పుడు టైఫస్ జ్వరం వచ్చి ఆమె ఎదుగుదల ఆగిపోయింది. నాలుగడుగుల పైన రెండు మూడు అంగుళాలే. పెళ్లి కాదనుకుని ఇంట్లో వంటపనికి పరిమితం చేసిన పిల్ల. అన్నగారు పాట నేర్పారు, లెక్కలు నేర్పారు.

ఆ రోజుల్లోనే హెర్షెల్‌కు నక్షత్రాల పిచ్చి పట్టింది. మంచి దూరదర్శిని కొనే స్తోమత లేదు, కనుక తానే చేయడానికి పూనుకున్నారు. రాగి, తగరం కలిపి పోతపోసి అద్దం చేసి, చేత్తో అరగదీయాలి. మధ్యలో చేయి తీస్తే మెరుగు చెడుతుంది. ఒకసారి పదహారు గంటలు చేయి తీయకుండా రుద్దితే, చెల్లెలే ముద్దలు నోట్లో పెట్టారట. 1781లో పెద్ద అద్దం పోతకు గుర్రపు పేడతో మూస చేశారు. అది పగిలి, కరిగిన లోహం నేలమీద పారింది. నేలమీది రాతి పలకలు టపటపా పేలి ఎగిరాయి. అంతా బయటికి పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారు.

అదే 1781 మార్చి 13 రాత్రి, ఇంటి వెనుక తోటలో నిలబడి చూస్తూండగా నక్షత్రంలా కాక చిన్న బిళ్లలా ఉన్న ఒక వెలుగు కంటబడింది. తోకచుక్క అనుకుని అలాగే తెలియజేశారు. గణితజ్ఞులు దాని కక్ష్య లెక్కగట్టి, శనికి అవతల దాదాపు రెట్టింపు దూరంలో తిరిగే గ్రహమని తేల్చారు. అదే యురేనస్. మన పంచాంగపు నవగ్రహాలలో దీనికి చోటు లేదు, అంతవరకు ఏ దేశపు జ్యోతిషంలోనూ లేదు. హెర్షెల్ దానికి రాజైన మూడవ జార్జి పేరు పెడితే ఇతర దేశాలవారు ఒప్పుకోలేదు. పేరు దక్కకపోయినా రాజుకు సంతోషమే కలిగింది. 1782లో ఏడాదికి రెండు వందల పౌండ్లతో ఆస్థాన ఖగోళ శాస్త్రజ్ఞుడిగా నియమించారు. సంగీతంలో అంతకంటె ఎక్కువే వచ్చేది. తక్కువ స్కేలుకు ఇష్టపడి పోస్టింగు మార్చుకున్న ఉద్యోగిని మన సర్వీసులో నేనింతవరకు చూడలేదు. 1787 నుంచి కరోలిన్‌కు కూడా సహాయకురాలిగా ఏడాదికి యాభై పౌండ్లు మంజూరైనాయి. ఆమె తన జన్మలో తనదిగా ఖర్చుపెట్టుకున్న మొదటి డబ్బు అదే. అది ఊరికే ఇచ్చినదికాదు. అన్నగారు గొట్టం దగ్గర నుంచి చెబుతూంటే చలిలో రాత్రంతా రాసుకున్నదీ, పగలు లెక్కలు కట్టినదీ ఆమె. 1783 డిసెంబరు 31 రాత్రి మంచులో పరుగెత్తుతూ ఇనుప కొక్కెం తొడలో దిగబడి కండ ఊడి వచ్చింది. ఆమె సొంతంగా ఎనిమిది తోకచుక్కలు కనిపెట్టారు.

నలభై అడుగుల దూరదర్శిని, శనికీ యురేనస్‌కూ కొత్త ఉపగ్రహాలు, వేలకొద్దీ నీహారికల జాబితా – ఇవన్నీ రాయాలంటే సంచిక చాలదు. నాకు కావలసింది 1800వ సంవత్సరం.

అప్పటికి హెర్షెల్‌కు అరవై ఒకటి నిండింది. మన లెక్కన రిటైరైన వయసు. సూర్యుణ్ణి చూడడానికి రకరకాల రంగు గాజులు అడ్డం పెట్టుకునేవారు. కొన్ని గాజులలో వెలుగు తక్కువైనా కన్ను మండేది. కొన్నింటిలో వెలుగు ఎక్కువైనా వేడి అంతగా తెలిసేది కాదు. మరొకరైతే గాజు మార్చుకుని ఊరుకునేవారు. ఈయన, వేడి రంగును బట్టి ఉంటుందా అని అనుమానించారు. కిటికీలో గాజు పట్టకం పెట్టి ఎండను ఏడు రంగులుగా బల్లమీద పడేటట్టు చేశారు. థర్మామీటర్ల బుడ్డీలకు నల్లరంగు పూశారు, నలుపు వేడిని బాగా పీల్చుకుంటుంది గనుక. ఒకటి రంగులో పెట్టి, మిగిలినవి పక్కన నీడలో ఉంచారు. గది వేడి పెరిగితే నీడలోవి చెబుతాయి. ఊదా రంగులో పాదరసం సగటున 2 ఫారెన్‌హీట్ డిగ్రీలు పెరిగింది. ఆకుపచ్చలో మూడుంపావు. ఎరుపులో దాదాపు ఏడు.

ఎరుపు వైపుకు పోయేకొద్దీ వేడి పెరుగుతోందిగదా, ఎరుపు అయిపోయిన చోట ఏమవుతుందని, థర్మామీటరును రంగు దాటించి చీకటిలో పెట్టారు. అర అంగుళం జరిపారు, అంగుళం జరిపారు, అంగుళంన్నర జరిపారు. కంటికి ఏమీ లేని చోట పాదరసం లేచింది. ఊదా రంగుకు అవతల పెడితే లేవలేదు. కంటికి కనబడని కిరణాలున్నాయని అలా తేలింది. తరువాత పొయ్యి నుంచీ, కాల్చిన ఇనుప కడ్డీ నుంచీ వచ్చే వేడిని కూడా పరీక్షించి, అది అద్దం మీద వెలుగులాగే పరావర్తనం చెందుతుందనీ, కటకంలో వంగుతుందనీ చూపించారు. ఇన్‌ఫ్రారెడ్ అనే పేరు ఆయన పెట్టినది కాదు, చాలాకాలం తరువాత వచ్చింది.

ఇంత చేసిన మనిషి, చివరకు వెలుగూ ఈ వేడి కిరణాలూ వేరువేరు పదార్థాలనే తేల్చుకున్నారు. అది పొరపాటు. సూర్యుడి లోపల చల్లగా ఉంటుందనీ, అక్కడ ప్రాణులు కాపురముంటారనీ కూడా నమ్మారు. సూర్యుడిలో మచ్చలు తగ్గిన ఏళ్లలో గోధుమ ధర పెరుగుతుందని 1801లో చదివిన వ్యాసానికి నవ్వినవారే ఎక్కువ. పెద్దవారి పొరపాట్లు కూడా రాసుకోవాలని నా అభిప్రాయం. రిజిస్టరులో కొట్టివేత మీద కూడా పొట్టి సంతకం పెట్టిస్తాముగదా.

1816లో సర్ బిరుదు వచ్చింది. 1822 ఆగస్టు 25న స్లౌలో కన్నుమూశారు. వయసు ఎనభై మూడేళ్ల తొమ్మిది నెలలు. యురేనస్ సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి పట్టేది ఎనభై నాలుగేళ్లు. కరోలిన్ హానోవర్ తిరిగి వెళ్లి, 1848లో తొంభై ఏడేళ్ల వయసులో పోయారు.

కుమారుడు జాన్ కూడా గొప్ప శాస్త్రజ్ఞుడే. మసి పట్టించిన కాగితాన్ని సారాయిలో తడిపి, వేడి తగిలినచోట త్వరగా ఆరడాన్ని బట్టి, కనబడని కిరణాల బొమ్మను 1840లో పట్టారు. ఇక మనుమడు విలియం జేమ్స్ హెర్షెల్ మనకు మరీ దగ్గరివాడు. బెంగాల్‌లో సివిల్ సర్వీసు అధికారి. 1858లో జంగీపూర్‌లో ఒక కాంట్రాక్టు కాగితం మీద అరచేతి ముద్ర వేయించి, దానిమీద ఏళ్ల తరబడి పరిశోధించి, 1877లో హుగ్లీలో ప్రభుత్వ పెన్షనర్లచేత వేలిముద్రలు వేయించే పద్ధతి పెట్టారు. పెన్షనరు చనిపోయినా బంధువులు డబ్బు తీసుకుంటున్నారన్న అనుమానమే అందుకు కారణం. ఆ రోజు మన హాలులో ఒక మూల యంత్రం మీద వేలు పెడుతూ మనుమడి పని, మరో మూల బోర్డు ముందు తాతగారి పని, రెండూ ఒక్కసారే జరుగుతున్నాయన్నమాట.

పరికరం సంగతి కొంచెం. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కనబడని కిరణాలు వదులుతుంది, ఇది వాటిని పట్టి అంకెగా చూపుతుంది. ఎర్రచుక్క గురికోసమే, కొలిచేది చుక్కను కాదు. కుర్రాడి దగ్గరున్న రకం పన్నెండడుగుల దూరం నుంచి అడుగు వెడల్పు మేర సగటు చెబుతుంది. కనుక చిన్న బోల్టును దూరం నుంచి చూస్తే చుట్టుపక్కల చల్లదనం కలిసి అంకె తగ్గుతుంది. మెరిసే రాగి, అల్యూమినియం మీద కూడా తప్పు చూపుతుంది, తమ వేడిని సరిగా వదలక ఎదుటి వస్తువుల వేడిని అద్దంలా తిప్పికొడతాయి గనుక. వాటికి ముందుగా మెయిన్ ఆపి నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి, మళ్లీ వేసి చూడాలట. హెర్షెల్ పూసిన నల్లరంగే నాకు గుర్తుకు వచ్చింది. గాజు, ప్లాస్టిక్ మూతల గుండా చూడదు. గాలి వేడి కూడా చెప్పదు. ఏసీ ముందు పెడితే గాలి తగిలే రెక్కల వేడి చెబుతుంది, దానిని బట్టి ఊహించుకోవాలి. లోడు ఉన్నప్పుడే చూడాలి, ఒక్క అంకెను కాక మూడు ఫేజులనూ పోల్చాలి. వదులైన చోట నిరోధం పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే అక్కడ పుట్టే వేడి నాలుగింతలవుతుంది. రెండు ఏసీలూ ఒకేసారి వేసిన రోజునే బయటపడడానికి కారణం అదే. సభ్యులెవరూ తమంతట తాము బోర్డు తలుపు తీయవద్దని మనవి.

కుర్రాడు మెయిన్ ఆపి, టెస్టరుతో చూసి, పసుపు ఫేజు లగ్గు విప్పితే తీగ చివర నల్లబడి, తొడుగు పెళుసై ఉంది. చెడిన మేర కోసి, కొత్త లగ్గు వేసి బిగించాడు. మళ్లీ రెండు ఏసీలూ వేసి అరగంట ఆగి చూస్తే 42. అదనంగా డబ్బు తీసుకోనన్నాడు, కాఫీ మాత్రం తాగాడు.

కార్యవర్గం తీర్మానం మేరకు ఒక పరికరం కొనడమైనది. ప్రతి నెల మొదటి సోమవారం ఆ కుర్రాడే వచ్చి బోర్డు తెరిచి చూసేటట్టు ఏర్పాటు. తేదీ, మూడు ఫేజులు, రెండు ఏసీలు, సంతకం అని గళ్లు గీసి నేనొక నోటు పుస్తకం కట్టాను. అది బీరువా పై అరలో, లైఫ్ సర్టిఫికెట్ల ఫైలు పక్కన ఉంది. అతను చెబుతూంటే రాసుకునే పని నాది. ఫిబ్రవరిలో నేను కంటి ఆపరేషనుకు పిల్లల దగ్గరికి వెళుతున్నాను. ఆ నెలకు రాయడానికి ఇష్టమున్నవారు కార్యదర్శిగారి వద్ద పేరు ఇవ్వగలరు.