పదిహేను రోజుల వేతనం, రెండు వందల నలభై రోజుల గడప

వరాహగిరి వెంకటగిరిని మన విద్యార్థులు రాష్ట్రపతిగానే ఎరుగుదురు. 1969 ఎన్నిక, కాంగ్రెసు చీలిక, అంతటితో పోటీ పరీక్షల పుస్తకం ఆగిపోతుంది. నా దృష్టిలో ఆయన జీవితంలో అంతకన్నా బరువైన తేదీ 1953 అక్టోబరు 24. చిత్తూరు జిల్లా మద్రాసు నుండి విడివడి కొత్త ఆంధ్ర రాష్ట్రంలో చేరి అప్పటికి మూడు వారాలు దాటింది. ఢిల్లీలో గిరి కేంద్ర కార్మిక మంత్రి. బట్టల మిల్లుల్లో సరుకు పేరుకుపోయి కార్మికులను ఇంటికి పంపే ప్రమాదం ముంచుకొచ్చిన వేళ, పని నుండి తొలగించబడే కార్మికునికి పరిహారం యజమాని దయ కాదు, హక్కు అని నిర్ణయించిన శాసనం ఆనాటి నుండి అమలయింది. నెల రోజుల నోటీసు, పనిచేసిన ప్రతి సంవత్సరానికి పదిహేను రోజుల సగటు వేతనం, చివర చేరినవాడు ముందు వెళ్లాలన్న క్రమం, మళ్లీ పని దొరికినప్పుడు పాతవానికి మొదటి పిలుపు. నేటికీ మన చర్చ ఈ చట్రంలోనే తిరుగుతున్నది.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరుగల వకీలు. న్యాయశాస్త్రం చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్లారు. ఆ ఏడాదే అక్కడ యజమానులు వేలాది కార్మికులను గేటు బయట నిలిపిన లాకౌట్ నెలల తరబడి సాగింది. ఐరిష్ జాతీయవాదులతో సంబంధాల కారణంగా 1916లో ఆయన ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. వకీలు కుమారుడు కూలీ సంఘాల వైపు మళ్లడంలో స్వదేశపు జమీందారీ కన్నా పరాయి దేశపు వీధుల పాత్రే పెద్దదని నా అనుమానం.

తిరిగి వచ్చి బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేశారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఒకరయ్యారు, 1926లో ఏఐటీయూసీ అధ్యక్షులయ్యారు. 1920ల చివర బి.ఎన్.ఆర్. కార్మికుల సమ్మెలకు మూలం ఉద్యోగాల కోతే. ఖరగ్‌పూర్ కర్మశాలల్లో పనిచేసినవారిలో ఉత్తరాంధ్ర నుండి వలస వెళ్లిన తెలుగువారు ఎందరో. రేపు వెళ్లిపొమ్మంటే పొలం లేనివాడు ఎక్కడికి పోతాడన్న ప్రశ్న గిరికి పుస్తకం చెప్పింది కాదు. 1937లో బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. అప్పటి చిత్తూరు జిల్లా ఆ ప్రభుత్వపు ఏలుబడిలోనిదే.

1954 ఆగస్టులో ఆయన మంత్రి పదవి వదిలారు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం కత్తిరించడం ఆయనకు సమ్మతం కాలేదు. మాట ఇచ్చి తప్పడం కన్నా కుర్చీ వదలడం మేలనుకున్న మంత్రులు మనకు ఎందరున్నారో పాఠకులే లెక్కించుకోవచ్చు.

ఆ తరువాతి ఘట్టాన్ని ఆయన అభిమానులు సాధారణంగా దాటవేస్తారు. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం నుండి లోక్‌సభకు పోటీ చేశారు. ఒక స్థానం జనరల్, మరొకటి షెడ్యూల్డు తెగలది. రెండు స్థానాలనూ గిరిజనులే గెలిచారు. కొన్ని వందల ఓట్ల తేడాతో గిరి ఓడిపోయి కోర్టుకెక్కారు. రిజర్వుడు స్థానానికి నిలిచినవాడు జనరల్ స్థానం పొందరాదన్నది ఒక వాదన. డిప్పల సూరి దొర కుటుంబం తెగ ఆచారాలు వదిలి క్షత్రియులైపోయిందన్నది మరొకటి. సుప్రీంకోర్టు 1959లో రెంటినీ తోసిపుచ్చింది. మెజారిటీ తీర్పు రాసినది గజేంద్రగడ్కర్. గిరి రాజీనామాకు కారణమైన బ్యాంకు వివాదంపై కమిషన్ నడిపినదీ ఆయనే. కార్మికుని హక్కు కోసం పదవి విడిచిన మనిషి, మూడేళ్లకు ఒక గిరిజనుడు జనరల్ స్థానంలో కూర్చోరాదని వాదించడం నాకు మింగుడుపడదు. అయితే ఇది కేవలం వ్యక్తిగత బలహీనత కాదు. కార్మికుడు అన్న పదంలో కులం కరిగిపోతుందని ఆయన తరం నమ్మింది. 1953 శాసనంలోనూ ఆ నమ్మకమే ఉంది.

ఆ శాసనపు గడప రెండు వందల నలభై రోజుల పని. రిజిస్టరులో పేరున్నవాడే ఆ గడప దాటగలడు. మన చక్కెర కర్మాగారాలను చూడండి. పని క్రషింగ్ సీజను నెలలకే పరిమితం. లే-ఆఫ్ పరిహారం నుండి సీజను సంస్థలకు చట్టమే మినహాయింపు ఇచ్చింది. చిత్తూరు సహకార కర్మాగారం, గాజులమండ్యంలోని శ్రీ వేంకటేశ్వర సహకార కర్మాగారం క్రషింగ్ ఆపినప్పుడు పర్మినెంటు కార్మికులు బకాయిల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. వారికి కనీసం అడగడానికి ఒక కాగితం ఉంది. చెరకు నరికిన కూలీకి, బండి తోలినవానికి ఆ కాగితం కూడా లేదు. ఏ కులాలవారు రిజిస్టరులో ఉన్నారు, ఏ కులాలవారు పొలంలో ఉన్నారు అన్నది ఈ ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కరలేదు. 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతబడినప్పుడూ ఇంతే.

తిరుపతిలో ఈ తేడా మరింత స్పష్టం. 1987 దేవాదాయ చట్టం అర్చకుల మిరాసీని రద్దు చేసింది. నేను ఆ రద్దును సమర్థిస్తాను. తిరుమల అర్చకుని పిటిషన్‌పై 1996లో సుప్రీంకోర్టు దానిని నిలబెడుతూనే, అర్చకుల సంక్షేమానికి పథకం ఆలోచించమన్నది. 2007లో చట్ట సవరణే వచ్చింది. ఉపాధి పోయినవారి గోడు రాజ్యం వినడం న్యాయమే. అదే ఊళ్లో వీధులు, సత్రాలు, మరుగుదొడ్లు శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికులు ఎక్కువగా దళితులు. కాంట్రాక్టరు మారితే చీపురు మారదు, మనిషి మారడు, సర్వీసు మాత్రం సున్నా నుండి మొదలు. 1984లో చేర్చిన సవరణ ప్రకారం కాంట్రాక్టు గడువు తీరి పని పోతే అది తొలగింపే కాదు, కాబట్టి పదిహేను రోజుల లెక్కే పుట్టదు. మిరాసీదారుకు తరతరాల సేవ ఆస్తిగా లెక్కకు వచ్చింది. పాకీ పనివారిదీ తరతరాల సేవే, కానీ దానికి లెక్క రాసేవారు లేరు.

పరిహారపు రేటు కూడా కదలలేదు. పార్లమెంటు 2020లో ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఏడాదికి పదిహేను రోజులే. పునర్నైపుణ్య నిధి పేరిట మరో పదిహేను రోజుల వేతనం ఒక్కసారి కలిపారు. తొలగింపునకు ప్రభుత్వ అనుమతి కావలసిన సంస్థల పరిమితిని మాత్రం వంద మంది నుండి మూడు వందలకు పెంచారు.

ఓటమి తరువాత గిరి ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరులకు గవర్నరుగా పనిచేశారు. 1967లో ఉపరాష్ట్రపతి, రెండేళ్లకు రాష్ట్రపతి. 1972లో గ్రాట్యుటీ చట్టంపై సంతకం ఆయనదే. అక్కడా పదిహేను రోజులే, గడప మాత్రం ఐదేళ్లు. అంతకు రెండేళ్ల ముందు, 1970 సెప్టెంబరులో, కాంట్రాక్టు కార్మికుల చట్టంపైనా ఆయనే సంతకం చేశారు. ఎడతెగని పనిలో కాంట్రాక్టును నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఆ చట్టం ఇచ్చింది. నిషేధించాక ఆ కార్మికుడు ఎవరివాడవుతాడో మాత్రం చెప్పలేదు. గిరి 1980 జూన్ 24న మద్రాసులో మరణించారు. ఆయన సంతకం పెట్టిన చట్టం వదిలిన ఆ ఖాళీని 2001లో ‘సెయిల్’ కేసులో సుప్రీంకోర్టు పూరించింది: నిషేధం వచ్చినంత మాత్రాన కార్మికుడు అసలు యజమాని ఉద్యోగి కాజాలడు.