రైతు ప్రతినిధి ఆచార్య రంగా

చట్టసభకు ఒకసారి ఎన్నికగుట ఒక యెత్తు. ఆరు దశాబ్దములపాటు ప్రజల మన్ననను నిలుపుకొనుట వేరొక యెత్తు. లోకమంతయు ఆచార్య ఎన్.జి. రంగాగా ఎఱిగిన గోగినేని రంగనాయకులుగారు 1930 లో ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో అడుగిడిరి. 1991 లో లోక్‌సభ నుండి విరమించునాటికి ఆయన వయస్సు తొంబది దాటినది. నడుమ ఓటములు కలవు, విరామములు కలవు. ఆయన మార్చిన పార్టీలును తక్కువ గావు. అది చూచి నిలకడలేని మనిషి అన్నవారు కలరు. ఆ మాటలో నిజమెంతో ఆయన చరిత్రమే తేల్చవలసియున్నది.

రంగాగారు 1900 నవంబరు 7 వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలు గ్రామమున రైతుకుటుంబములో జన్మించిరి. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివి 1926 లో పట్టము పొందిరి. స్వదేశమునకు వచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులైరి. ఇన్నియేండ్లు సభలో ఉండియు ఆయన కేంద్రమంత్రి కాలేదు. ఆచార్య పదము మాత్రము చివరివరకు ఆయనను వీడలేదు. ఉపాధ్యాయవృత్తిలోనున్న మాబోటివారికి ఇది సంతోషము కలిగించు విషయమే.

ఆయన చదివిన అర్థశాస్త్రము పొలము గట్లపైననే అక్కరకు వచ్చినది. 1930 ప్రాంతమున ప్రపంచమంతట ఆర్థికమాంద్యము వ్యాపించి ధాన్యము ధర పడిపోయెను. సరిగా ఆ కాలముననే మద్రాసు ప్రభుత్వము కృష్ణా, గోదావరి డెల్టాలలో భూమిశిస్తును రూపాయికి మూడణాల చొప్పున పెంచ నిశ్చయించినది. అమ్మిన ధాన్యము శిస్తుకే చాలని రైతు, అప్పులవానికేమి చెల్లింపగలడు? రంగాగారు ఊరూర తిరిగి ఈ లెక్కను రైతులకు విప్పిచెప్పిరి. 1933 లో రైతుసత్యాగ్రహము నడపి చెఱసాలకేగిరి. జమీందారీలలోని రైతుల గోడు ఇంతకంటె దుర్భరము. ఆ పోరాటమునందును ఆయన ముందుండిరి. నిడుబ్రోలులో స్థాపించిన రైతువిద్యాలయమున పల్లెయువకులకు రాజకీయశిక్షణ లభించెను. 1936 లో లక్నోలో అఖిలభారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. కొన్ని యేండ్లకు కమ్యూనిస్టులతో పొసగక ఆ సంస్థకు ఆయన దూరమైరి.

స్వాతంత్ర్యము వచ్చువేళ ఆయన రాజ్యాంగసభలో సభ్యులు. 1951 లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్షపదవికి నీలం సంజీవరెడ్డిగారితో పోటీపడి ఓడిరి. ఆపై కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీ స్థాపించిరి. 1955 నాటికి మరల కాంగ్రెసుకు చేరువైరి. ఈ రాకపోకలలో పదవి కొఱకైన స్పర్ధ బొత్తిగా లేదనుట కష్టము.

1959 నాటి మాట వేరు. ఆ జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ సహకారపద్ధతిపై ఉమ్మడిసేద్యమును తీర్మానించినది. పొలములన్నియు ఒకటిగా కలిపి దున్నవలెను. స్వామ్యము రైతుదే, భూమిని బట్టి పంటలో వాటా అతనికి వచ్చును. కాగితముపై ఇది సబబుగానే తోచును. కాని తన గట్టుపై ఏ చెట్టున్నదో, ఏ మూల నీరు నిలుచునో ఎఱిగిన రైతుకిది మ్రింగుడుపడు మాట గాదు. రంగాగారు అప్పుడు కాంగ్రెసు పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి. ఆ స్థానమును విడిచి, రాజాజీతో కలిసి స్వతంత్రపార్టీ నెలకొల్పి దాని అధ్యక్షులైరి. అచ్చట ఒక విపరీతమును గమనింపవలెను. యౌవనమున జమీందార్లపై కత్తిగట్టిన ఆయన, జయపురమహారాణి వంటి రాజకుటుంబములవారితో ఒకే వేదికపై కూర్చుండవలసివచ్చినది. అంతకంటె పెద్ద విమర్శ యొకటి కలదు. ఆయన తలచిన రైతు కొద్దియో గొప్పయో సొంతభూమి గలవాడు. సెంటు నేలయు లేని కూలివానికి ఆ రైతువాదమున చాలినంత చోటు లేదు. ఈ విమర్శకు నాకు తృప్తికరమైన సమాధానము కానరాలేదు.

1962 సాధారణ ఎన్నికలలో తెనాలిలో కమ్యూనిస్టు అభ్యర్థి చేతిలో ఆయన ఓడిరి. అదే యేట చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లిరి. 1964 లో పదునేడవ రాజ్యాంగసవరణ రైత్వారీ భూములను సైతము ఎస్టేటు అను నిర్వచనమున చేర్చినప్పుడు స్వతంత్రపార్టీ గట్టిగా ప్రతిఘటించెను. జమీందారుకు చేసిన చట్టము సామాన్యరైతు మెడకు చుట్టుకొనునని వారి భయము. తుదకు సవరణ ఆమోదము పొందినది. అయితే గరిష్ఠపరిమితికి లోబడి రైతు స్వయముగా సాగుచేయు భూమిని తీసికొన్నచో మార్కెటు ధర చెల్లింపవలెనను నిబంధనయు అందులోనే చేరినది. 1967 లో స్వతంత్రపార్టీ 44 స్థానములతో లోక్‌సభలో ప్రతిపక్షములన్నిటికంటె పెద్దదైనది. శ్రీకాకుళము నుండి గెలిచిన రంగాగారు దాని నాయకులలో ప్రముఖులు.

1971 తరువాత కొన్నియేండ్లు సభలో ఆయన కంఠము వినబడలేదు. మరల కాంగ్రెసులో చేరి, 1977 లో రాజ్యసభకు వచ్చి, 1980 లో సొంత గుంటూరు నుండి లోక్‌సభకు ఎన్నికైరి. 1984 లో తెలుగుదేశము ప్రభంజనమున కాంగ్రెసుకు రాష్ట్రములోని 42 స్థానములలో ఆరు మాత్రమే దక్కినవి. ఆ ఆరింట గుంటూరొకటి. అప్పటికి రంగాగారి వయస్సు 84. 1989 లోను అచ్చటి ఓటర్లు ఆయననే పంపిరి.

1991 లో ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదముతో ఆయనను గౌరవించినది. 1995 జూన్ 9 న ఆయన కన్నుమూసిరి. మరుసటి యేట ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి. రాష్ట్రవిభజనానంతరము ఆ సంస్థ ఆయన సొంతజిల్లాకే తరలి, గుంటూరు సమీపమున లాంలో నెలకొన్నది.