పండిత రమాబాయి

స్త్రీలు సంస్కృతము చదువరాదని లోకము శాసించిన కాలమున అనంతశాస్త్రి డోంగ్రే యను మహారాష్ట్ర పండితుడు తన భార్య లక్ష్మీబాయికి ఆ భాష నేర్పెను. పండితులు కోపించిరి. ఆయన కన్నడదేశమందలి గంగామూలమను అడవిలో కాపురముండెను. అచ్చటనే 1858వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన రమాబాయి జన్మించెను. తెల్లవారుజామున తల్లి ఒడిలో కూర్చుండి ఆ బాలిక చదువు నేర్చెను. భాగవతము పదునెనిమిది వేల శ్లోకములును ఆమెకు కంఠస్థములు.

పురాణములు చదువుచు తీర్థయాత్రలతో కాలము గడపిన ఆ కుటుంబమును కరవు తాకెను. తిరుపతిలో చివరి బియ్యపు గింజయు అయిపోయెను. యాచించుటకు అభిమానము అడ్డము. కూలి చేయుటకు అలవాటు లేదు. చావ నిశ్చయించి అందరును అడవిలో ప్రవేశించి పదునొకండు దినములు ఆకులలములతో గడపిరి. వృద్ధుడైన తండ్రి ఆ శ్రమకు తాళలేక అనతికాలముననే మరణించెను. పిదప రాయచూరులో తల్లి జబ్బుపడి, కొంచెము సజ్జరొట్టె కోరెను. రమాబాయి ఒక యింటికి పోయి, అడుగలేక కన్నీరు కార్చుచు నిలిచెను. ఆ యిల్లాలు గ్రహించి రొట్టె యిచ్చెను గాని, తల్లికి దానిని తిను శక్తి అప్పటికే పోయినది. కంఠమున భాగవతమంతయు ఉండియు చేత ఒక పనియు లేని బ్రతుకు ఎట్టిదో ఆమె అచ్చట నేర్చెను.

అన్న శ్రీనివాసునితో కాలినడకను దేశమంతయు తిరిగి 1878లో కలకత్తా చేరెను. అచ్చటి విద్వాంసులు పరీక్షించి పండిత, సరస్వతి బిరుదము లిచ్చిరి. 1880లో అన్న పోయెను. వంగదేశీయుడగు బిపిన్ బిహారీ మేధావిని కులాంతర వివాహము చేసికొనెను. 1882లో ఆయనయు మరణించెను. చంకలో పసిబిడ్డ మనోరమ.

1883లో ఇంగ్లండునకు పోయి అచ్చటనే క్రైస్తవమతము స్వీకరించెను. అమెరికాలో ధనము సేకరించి 1889లో బొంబాయిలో వితంతు బాలికలకై శారదాసదనము స్థాపించి, మరుసటి యేట పూనాకు మార్చెను. బాలికలు ఆమె ప్రార్థనలలో పాల్గొనుచున్నారని 1893లో పెద్ద కలకలము పుట్టెను. రానడే, భండార్కరు సలహాసంఘమును వీడిరి. పలువురు తమ బిడ్డలను తీసికొని పోయిరి. వారి భయము నిరాధారము కాదు. అయినను ఆ సదనపు మొదటి వితంతు విద్యార్థిని గోదూబాయిని ఆ యేడే వివాహమాడిన కార్వే, 1896లో హిందూ వితంతువులకు వేరొక ఆశ్రమము తెరచెను. ఈ సంగతి చెప్పకున్న కథ సగమే.

1896-97లో మధ్యపరగణాలలో కరవు వచ్చెను. ఆకలి నెరిగిన రమాబాయి స్వయముగా పోయి, దిక్కులేని సుమారు మూడువందల బాలికలను, స్త్రీలను తెచ్చి పూనా సమీపమున కేడ్‌గాఁవ్ గ్రామములో ఉంచెను. దానికి ముక్తి యని పేరు. ఉత్త అన్నసత్రముగా ఉండనీయలేదు. చదువుతోపాటు తోటపని, నేత, కుట్టుపని, గానుగ, పాడి నేర్పించెను. గ్రుడ్డివారికి మనోరమ బ్రెయిలు లిపి నేర్పెను. 1900 నాటి గుజరాతు కరవు తరువాత ఆ సంఖ్య వేలకెక్కెను.

హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి ఆమె మరాఠీలోనికి తెచ్చిన బైబిలునకు అక్షరములు కూర్చి అచ్చువేసినదియు అచ్చటి స్త్రీలే. 1921లో మనోరమ మరణించెను. 1922 ఏప్రిల్ 5వ తేదీన రమాబాయి ఆ గ్రామముననే కన్నుమూసెను.