గాలి ఎంత మిగిలిందో చెప్పని సిలిండర్

చేతికి అందినట్టే అంది ఉద్యోగం జారిపోయిందా మీకు? 1936లో జాక్ ఈవ్ కూస్టోకీ అదే అయింది. ఫ్రాన్స్ నౌకాదళంలో పైలట్ శిక్షణ ముగుస్తుండగా కారు ప్రమాదంలో చేతులు విరిగాయి. ఇక విమానం మాటే లేదు. చేతుల్లో బలం రావాలని టూలాన్ తీరంలో ఈత మొదలుపెట్టారు. తోటి అధికారి ఇచ్చిన కళ్లద్దాలు పెట్టుకుని ఓసారి నీళ్లలోకి తల దించారు. అంతే, దారి మారిపోయింది.

చూడ్డం సరే, ఊపిరి ఎలా? అప్పటి పరికరంలో సిలిండర్ గాలి ఆగకుండా వచ్చేది. పీల్చినా పీల్చకపోయినా పోతూనే ఉంటుంది, కట్టేయని కుళాయిలాగా. శుద్ధ ఆక్సిజన్‌తో దిగితే రెండుసార్లు నీళ్లలోనే మూర్ఛ వచ్చింది. లోతులో ఒత్తిడి పెరిగితే ఆక్సిజనే విషమవుతుంది మరి.

1942 డిసెంబరు. పారిస్ జర్మన్ల చేతిలో ఉంది. పెట్రోలు దొరక్క కార్లను గ్యాస్‌తో నడుపుతున్నారు. ఇంజిన్‌కి కావాల్సినంతే గ్యాస్ ఇచ్చే వాల్వు మీద ఎయిర్ లిక్విడ్ ఇంజినీరు ఎమిల్ గాన్యాన్ పనిచేస్తున్నారు. కూస్టో మామగారిది ఆ కంపెనీలోనే పెద్ద హోదా, ఆయన ద్వారానే పరిచయం. సిఫార్సే అనుకోండి, పని మాత్రం ఇద్దరిదే. ఇంజిన్ స్థానంలో మనిషిని పెట్టి ఆలోచించారు: పీల్చినప్పుడే గాలి రావాలి, అదీ చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానంగా.

మార్న్ నదిలో పరీక్షిస్తే అడ్డంగా ఈదినప్పుడు బాగానే ఉంది. నిటారుగా నిలబడితే గాలి వృథాగా పోయింది, తలకిందులైతే పీల్చడమే కష్టమైంది. వదిలిన ఊపిరి బయటికి పోయే చోటు, వాల్వు వేర్వేరు ఎత్తుల్లో ఉండటమే కారణం. రెండింటినీ ఒకేచోటికి తెచ్చారు. 1943 జూన్‌లో బాందోల్ దగ్గర సముద్రంలో కూస్టో హాయిగా పల్టీలు కొట్టారు. అదే ఆక్వాలంగ్.

కానీ తొలి రోజుల్లో గాలి ఎంత మిగిలిందో చూపే మీటరు లేదు. తర్వాత వచ్చిన రిజర్వు వాల్వు పాత బైకుల పెట్రోలు రిజర్వులాంటిదే. ఒత్తిడి దాదాపు 20 బార్‌కి పడిపోతే పీల్చడం బరువవుతుంది. వీపు వెనక కడ్డీ లాగితే మిగిలిన గాలి వస్తుంది, దాంతో పైకి వచ్చేయాలి. చిక్కేంటంటే, దేనికో తగిలి ఆ కడ్డీ ముందే కదిలిపోతే హెచ్చరికే రాదు! లాగి చూస్తే లోపల ఏమీ ఉండదు. ఇవాళ మీరు డైవింగ్ నేర్చుకోడానికి వెళితే గొట్టానికి వేలాడే మీటరును మాటిమాటికీ చూడమంటారు. 50 బార్ మిగిలి ఉండగానే పైకి రమ్మంటారు.

గాలి నిండుగా ఉన్నా గండం తప్పదని 1946లో తెలిసింది. వోక్లూజ్ ఊట గుహలో కూస్టో, ఆయన మిత్రుడు డ్యూమా స్పృహ తప్పేదాకా వెళ్లి బయటపడ్డారు. సిలిండర్లు నింపిన కంప్రెసర్ తన పొగనే తిరిగి పీల్చుకుంది, గాలిలో కార్బన్ మోనాక్సైడ్ కలిసింది. గాలి ఎంత మిగిలిందో చూపే మీటరు దాన్ని చూపదు.

తర్వాత కాలిప్సో నౌక, 1956లో కాన్ పురస్కారం గెలిచిన సినిమా, ప్రపంచమంతా పేరు. 1997లో 87 ఏళ్ల వయసులో పారిస్‌లో కన్నుమూశారు. గాన్యాన్ మాత్రం 1947లోనే కెనడా వెళ్లి, మాంట్రియల్‌లో డైవింగ్ పరికరాలు తయారుచేస్తూనే ఉన్నారు. ఆయన పేరు మీరు ఇప్పుడే విని ఉంటారు.